గోడను తాకిన ద్రవం

అన్నం వార్చిన గంజిని గమనించని వారు మన ఇళ్లలో అరుదు. నూలు చీరలకు, పంచెలకు పెట్టడానికి దానిని గిన్నెలో దాచి ఉంచడం పాత అలవాటు. పొయ్యి మీది నుంచి దింపిన వెంటనే గిన్నెను వంచితే గంజి ధారగా జారిపోతుంది. కొంతసేపు ఆగి వంచితే కదలడానికి మొరాయిస్తుంది. మధ్యభాగం మెల్లగా కదిలినా, గిన్నె గోడను తాకి ఉన్న పొర మాత్రం అక్కడే అంటుకొని ఉండిపోతుంది. గంజిలోని పిండిపదార్థపు అణువులు చల్లారే కొద్దీ ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడడం ఇందుకు ఒక కారణం. అయితే ఇక్కడ మరొక ప్రశ్న కూడా దాగి ఉంది. వేడి తగ్గినప్పుడు మారినది గంజి చిక్కదనం ఒక్కటేనా? గంజికి, గిన్నె గోడకు మధ్య ఉన్న పట్టు కూడా మారిందా?

ఈ ప్రశ్న వంటింటితో ఆగిపోయేది కాదు. ప్లాస్టిక్ గొట్టాలు, పాల ప్యాకెట్ల సంచులు, విద్యుత్ తీగలపై తొడుగులు తయారయ్యే ప్రతి కర్మాగారంలోనూ కరిగిన ప్లాస్టిక్ ఒక లోహపు గోడను ఒరుసుకుంటూ బయటకు వస్తుంది. ఆ వస్తువు నునుపుగా వస్తుందా, గరుకుగా వస్తుందా అన్నది చాలావరకు ఆ గోడ దగ్గర జరిగే సంగతిపైనే ఆధారపడి ఉంటుంది. ఆ సంగతిని నియంత్రించే సాధనాలలో ముఖ్యమైనది ఉష్ణోగ్రత.

పాత వివాదం

కాలువ ఒడ్డున నిలబడి చూస్తే నడిమధ్య నీరు వడిగా, గట్టు పక్కన నీరు మందంగా పారడం కనిపిస్తుంది. గట్టును సరిగ్గా తాకి ఉన్న నీటి పొర సంగతి ఏమిటి? అది నిలిచి ఉంటుందా, కొద్దిగా జారుతుందా? పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులను ఈ ప్రశ్న చాలాకాలం వేధించింది. ఫ్రాన్స్ దేశపు ఇంజనీరు నావియే 1823లో ప్రచురించిన రచనలో ద్రవం గోడపై కొంత జారవచ్చునని ప్రతిపాదించాడు. తరువాతి కాలంలో నీరు, గాలి వంటి వాటితో చేసిన కొలతలన్నీ అందుకు భిన్నమైన తీర్పు చెప్పాయి. గోడను తాకిన పొర గోడతోపాటే ఉంటుందన్నది ఆ తీర్పు. 'జారుడు లేదు' అనే ఈ నియమాన్ని ఇంజనీరింగ్ పాఠ్యగ్రంథాలు నేటికీ మొదటి మెట్టుగా బోధిస్తాయి.

దీనికి సాక్ష్యం మన ఇంటి పైకప్పుకే వేలాడుతూ ఉంటుంది. పంకా రోజంతా గిరగిర తిరిగినా దాని రెక్కలపై సన్నని దుమ్ము పేరుకొనే ఉంటుంది. రెక్కను అంటి ఉన్న గాలి రెక్కతోపాటే తిరుగుతుంది కాబట్టి, ఆ పలుచని పొరలో ఉన్న దుమ్మును ఎగరగొట్టే వడి అక్కడ లేదు.

నావియే ఊహను మాత్రం శాస్త్రం పూర్తిగా పారవేయలేదు. జారుడును కొలవడానికి ఆయన భావన నుంచే ఒక కొలబద్ద పుట్టింది. గోడ దగ్గరకు వచ్చే కొద్దీ ద్రవం వేగం తగ్గుతూ ఉంటుంది. గోడ వద్ద కూడా కొంత వేగం మిగిలి ఉంటే, ఆ తగ్గుదలను అదే తీరున గోడ లోపలికి పొడిగించి లెక్కించాలి. ఎంత లోతున వేగం శూన్యమవుతుందో ఆ లోతును 'జారుడు దూరం' అంటారు. జారుడు లేకపోతే ఈ దూరం సున్న. నీటి విషయంలో అది ఉన్నా కొన్ని పదుల నానోమీటర్లకు మించదు. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. గొట్టంలో పారే నీటికి ఇంత చిన్న దూరం లెక్కలోకి రాదు. అందుకే పాత నియమం చక్కగా పనిచేసింది. పొడవైన అణువులు గల ద్రవాలు వచ్చేవరకు దానిని శంకించవలసిన అవసరం పెద్దగా రాలేదు.

పొడవైన అణువుల లోకం

రబ్బరు, పట్టు, పిండిపదార్థం వంటివి చిన్న అణువుల గుంపులు కావనీ, వేలకొద్దీ చిన్న భాగాలు గొలుసులా కలిసి ఏర్పడిన మహా అణువులనీ జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్ 1920లో వాదించాడు. సాటి పండితులు చాలామంది మొదట ఆయనను నమ్మలేదు. చివరకు ఆ కృషికే 1953లో నోబెల్ బహుమతి లభించింది. ఇటువంటి గొలుసు పదార్థాలనే మనం పాలిమర్లు అంటున్నాం. నేటి పాల ప్యాకెట్లకు మూలమైన పాలీఇథిలీన్‌ను 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వేరొక ప్రయోగం చేస్తూ అనుకోకుండా కనుగొన్నారు.

పాలిమర్ కరిగినప్పుడు దాని గొలుసులు ఉడికిన సేమ్యా పోగుల్లా ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. ఒక పోగును లాగితే పక్కనున్న పదింటినీ కదిలించాలి. గొలుసు పొడవు పెరిగే కొద్దీ ఈ చిక్కులు పెరుగుతాయి. చిక్కుపడిన కరుగులో గొలుసు పొడవును రెట్టింపు చేస్తే దాని స్నిగ్ధత, అంటే ప్రవాహాన్ని అడ్డుకునే లోపలి ఘర్షణ, రెట్టింపుతో ఆగదు. సుమారు పది రెట్లు అవుతుంది.

ఇక్కడే ఫ్రాన్స్ భౌతిక శాస్త్రజ్ఞుడు పియర్ జిల్ ద జెన్ ఒక కీలకమైన విషయాన్ని పసిగట్టాడు. గొలుసులు పట్టుకొని వేలాడడానికి వీలులేని, పరమ నునుపైన గోడ ఒకటి ఉందనుకుందాం. ఆ గోడకూ ద్రవానికీ మధ్య ఘర్షణ, గోడను తాకుతున్న చిన్న చిన్న భాగాల వల్ల మాత్రమే కలుగుతుంది. ఆ భాగం పొడవైన గొలుసుకు చెందినదా, పొట్టి గొలుసుకు చెందినదా అన్నది గోడకు పట్టదు. కాబట్టి గొలుసు పొడవు పెరిగితే లోపలి ఘర్షణ విపరీతంగా పెరుగుతుంది గాని, గోడ ఘర్షణ దాదాపు అలాగే ఉంటుంది. లోపల కదలడం కష్టమై, గోడ మీద జారడం సులభమైనప్పుడు ద్రవం సులభమైన దారినే ఎంచుకుంటుంది. ఆయన 1979లో ప్రకటించిన ఈ భావన ప్రకారం పాలిమర్ కరుగు గోడపై భారీగా జారాలి. తరువాతి ప్రయోగాలలో జారుడు దూరం పదుల మైక్రోమీటర్ల వరకు ఉండడం కనబడింది. మైక్రోమీటరు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంటే మన తల వెంట్రుక మందంతో పోల్చదగినంత దూరమన్నమాట. ద జెన్‌కు 1991లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఆలోచన నుంచి గుర్తుంచుకోదగిన ఒక సూత్రం వెలువడుతుంది. ద్రవం లోపలి ఘర్షణను గోడ ఘర్షణతో భాగిస్తే వచ్చేదే జారుడు దూరం.

వేడి చేసే రెండు పనులు

వేడి చేస్తే ద్రవం పలచబడుతుందని మనకు తెలుసు. పాలీఇథిలీన్ కరుగును 180 డిగ్రీల సెల్సియస్ నుంచి 220 డిగ్రీలకు వేడి చేస్తే దాని స్నిగ్ధత సుమారు సగానికి వస్తుంది. అణువులు చుట్టుపక్కల అణువుల పట్టును తప్పించుకొని ముందుకు సాగాలంటే ప్రతిసారీ కొంత శక్తి కావాలి. దీనిని ఉత్తేజన శక్తి అంటారు. వేడి ఆ శక్తిని సమకూరుస్తుంది.

పలచబడిన ద్రవం గోడపై మరింత జారుతుందని ఎవరైనా తొందరపడి చెప్పవచ్చు. పైన చెప్పిన సూత్రాన్ని చూస్తే ఆ తొందర తగదని తెలుస్తుంది. వేడి లోపలి ఘర్షణ ఒక్కదానినే తగ్గించదు. గోడకు, అణువులకు మధ్య ఉన్న ఘర్షణను కూడా తగ్గిస్తుంది. గోడ పట్టు నుంచి విడిపోవడానికీ ఒక ఉత్తేజన శక్తి ఉంటుంది. అది లోపలి ఉత్తేజన శక్తితో సమానంగా ఉండాలన్న నియమం లేదు. రెండు ఘర్షణలలో ఏది త్వరగా తగ్గుతుందన్నదే అసలు ప్రశ్న.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. లోపలి ఘర్షణ 1000, గోడ ఘర్షణ 10 అనుకుందాం. నిష్పత్తి 100. వేడి చేయగా లోపలి ఘర్షణ 500 అయింది. గోడ ఘర్షణ 8కి మాత్రమే తగ్గితే నిష్పత్తి 62.5 అవుతుంది. అంటే జారుడు దూరం తగ్గింది. గోడ ఘర్షణ 4కు పడిపోతే నిష్పత్తి 125 అవుతుంది. అంటే జారుడు దూరం పెరిగింది. రెండూ సమంగా తగ్గి గోడ ఘర్షణ 5 అయితే నిష్పత్తి మునుపటి 100 దగ్గరే నిలుస్తుంది. ద్రవం ఒకటే, ఇచ్చిన వేడి ఒకటే, అయినా గోడను బట్టి ఫలితాలు మూడు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. జారుడు దూరం వేరు, జారుడు వేగం వేరు. గోడ వద్ద ద్రవాన్ని లాగుతున్న బలం మారకుండా ఉంటే, జారుడు వేగాన్ని నిర్ణయించేది గోడ ఘర్షణ మాత్రమే. అందువల్ల పై మూడు సందర్భాలలోనూ జారుడు వేగం పెరుగుతుంది. జారుడు దూరం మాత్రం మొత్తం ప్రవాహంలో జారుడుకు ఉన్న వాటా ఎంతో తెలుపుతుంది.

ఈ విషయాన్ని ఫ్రాన్స్‌లో లిలియాన్ లెజే, ఫ్రెడెరిక్ రెస్టాన్యో తదితరుల బృందం స్పష్టంగా నిరూపించి 2018లో ప్రచురించింది. వారు ఎన్నుకున్న ద్రవం సిలికోన్ జాతికి చెందిన పాలిమర్. దానిలోని కొన్ని గొలుసులకు కాంతినిచ్చే రంగు అణువులను తగిలించారు. లేజర్ కిరణంతో కొంతమేర ఆ కాంతిని ఆర్పివేసి ద్రవంలో ఒక గుర్తు ఏర్పరచారు. ప్రవాహం తరువాత ఆ గుర్తు గోడ దగ్గర ఎంత కదిలిందో చూస్తే ఎంత జారిందో తెలిసిపోతుంది. అణువులు అంటుకోవడానికి ఇష్టపడని రెండు రకాల ఉపరితలాలపై, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద వారు ఈ కొలతలు తీసుకున్నారు. ఉష్ణోగ్రతతో జారుడు మారే తీరు ఉపరితలాన్ని బట్టి ఎంతో భిన్నంగా ఉందని తేలింది. అంతేకాదు, అదే పదార్థంతో చేసిన రబ్బరు ముక్కను అవే ఉపరితలాలపై జార్చినప్పుడు, దాని ఘర్షణ కూడా ఉష్ణోగ్రతతో సరిగ్గా అదే విధంగా మారింది. రబ్బరు ముక్క ఘనపదార్థం, అది ప్రవహించదు. అయినా గోడ వద్ద రెండింటి ప్రవర్తన ఒకటే. గోడ ఘర్షణ అనేది ద్రవపు చిక్కదనం నుంచి వేరుగా నిలిచే గుణమని చెప్పడానికి ఇంతకంటే చక్కని ఆధారం దొరకదు.

గోడకు పట్టుకొని వేలాడే గొలుసులు

నునుపైన ప్రయోగశాల ఉపరితలాల వంటివి కావు కర్మాగారంలోని ఉక్కు గోడలు. వాటికి పాలిమర్ గొలుసులు కొన్ని గట్టిగా అంటుకొని, మిగిలిన తోకలను ద్రవంలోకి చాచి ఉంటాయి. ప్రవహించే గొలుసులు ఈ తోకలతో చిక్కుపడతాయి. అందువల్ల మెల్లగా నెట్టినంతకాలం ద్రవం గోడపై దాదాపు జారదు. నెట్టుడు ఒక హద్దు దాటగానే తోకలు బారుగా సాగి, చిక్కులు వీడి, ద్రవం ఒక్కసారిగా జారిపోతుంది. కొన్ని రకాల పాలీఇథిలీన్‌లో ఈ మార్పు ఎంత హఠాత్తుగా వస్తుందంటే, కాసేపు అంటుకొని కాసేపు జారుతూ, పదార్థం యంత్రం నుంచి కుదుపులతో బయటకు వస్తుంది.

వేడి పెంచితే ఈ హద్దు ఏమవుతుంది? పట్టు సడలి, తక్కువ బలానికే జారిపోతుందని అనిపించడం సహజం. కాని 1990 దశకం మధ్యలో గొలుసులు కొమ్మలు లేకుండా తిన్నగా ఉండే పాలీఇథిలీన్‌పై జరిపిన ప్రయోగాలలో, హద్దు వద్ద కావలసిన బలం ఉష్ణోగ్రతతోపాటు కొద్దిగా పెరిగింది. అది పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంది. 180 డిగ్రీలు అంటే పరమ మానంలో 453, 220 డిగ్రీలు అంటే 493. ఈ రెంటి మధ్య హద్దు దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుందన్నమాట.

ఈ వింతకు కారణాన్ని ఒక రబ్బరు బ్యాండుతో చూడవచ్చు. బ్యాండుకు చిన్న బరువు కట్టి వేలాడదీసి, దానిపై వేడిగాలి తగిలించాలి. లోహపు తీగ అయితే వేడికి సాగుతుంది. రబ్బరు బ్యాండు మాత్రం కుంచించుకొని బరువును కొద్దిగా పైకి లాగుతుంది. సాగదీసిన గొలుసు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ ముడుచుకునే బలం అణువుల చలనం నుంచే పుడుతుంది. వేడి పెరిగితే చలనం పెరుగుతుంది, లాగే బలమూ పెరుగుతుంది. గోడకు వేలాడే ప్రతి పాలిమర్ తోకా ఇటువంటి చిన్న రబ్బరు బ్యాండే. దానిని బారుగా సాగదీయడానికి వేడిలో కాస్త ఎక్కువ బలం కావాలి. ఒకే వేడి ద్రవాన్ని పలచన చేస్తూనే, గోడ దగ్గరి గొలుసుల బిగువును పెంచుతున్నది.

పాల ప్యాకెట్ కథ

ఇంత సూక్ష్మమైన విషయంతో మనకేమి పని అని అడగవచ్చు. ఉదయం మన ఇంటి గుమ్మం ముందుకు వచ్చే పాల ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుందాం. దాని సంచి పాలీఇథిలీన్ గుళికలతో తయారవుతుంది. యంత్రంలోని మర ఆ గుళికలను నలుపుతూ, కరిగిస్తూ ముందుకు తోస్తుంది. కరుగు వలయాకారపు సన్నని చీలిక గుండా బయటపడుతుంది. ఈ చీలిక ఉన్న భాగాన్ని డై అంటారు. బయటకు వచ్చిన కరుగును గాలితో బుడగలా ఊది, చల్లార్చి, పలుచని పొరగా చుట్టుకుంటారు.

ఉత్పత్తి పెంచడానికి మరను వేగంగా తిప్పితే చిక్కు వస్తుంది. గోడను అంటిపెట్టుకొని నిదానంగా వచ్చిన బయటి పొర, డై అంచు దాటగానే లోపలి పొరల వేగాన్ని ఒక్కసారిగా అందుకోవలసి ఉంటుంది. ఆ లాగుడుకు తట్టుకోలేక దాని ఉపరితలం సన్నసన్నగా చీలుతుంది. ప్లాస్టిక్ పొర మెరుపు కోల్పోయి, తాకితే గరుకుగా ఉంటుంది. దీనిని 'సొరచేప చర్మం' అని పిలుస్తారు. ఇది చూపుకే లోపం కాదు. మందం సమంగా లేని పొర పలుచని చోట బలహీనపడుతుంది.

యంత్రం దగ్గర నిలబడిన పనివాడు సాధారణంగా మొదట చేసే పని వేడి పెంచడం. అది పనిచేస్తుంది. ద్రవం పలచబడి, గొలుసులు త్వరగా సర్దుకుంటాయి. అదే వేగానికి గోడ వద్ద బలం తగ్గి, హద్దుకు దూరంగా ఉంటుంది. కాని వేడికీ ఒక మేర ఉంది. మితిమీరితే గొలుసులు తెగి పదార్థం చెడుతుంది, బుడగ నిలకడ తప్పుతుంది, చల్లార్చడానికి ఎక్కువ సమయం, విద్యుత్తు ఖర్చవుతాయి. వేడి తగ్గిస్తే గరుకుదనం, పెంచితే ఈ నష్టాలు. మర వేగం తగ్గిస్తే ఉత్పత్తి తగ్గుతుంది.

మిగిలిన మార్గం గోడను మార్చడం. టన్ను గుళికలకు కొన్ని వందల గ్రాముల ఫ్లోరిన్ పాలిమర్ కలిపితే, అది క్రమంగా డై గోడపై పలుచని పూతగా పరుచుకుంటుంది. పాలీఇథిలీన్ ఆ పూత మీదుగా సులభంగా జారిపోతుంది, సొరచేప చర్మం మాయమవుతుంది. కొన్ని దశాబ్దాలపాటు పరిశ్రమ ఈ ఉపాయాన్ని విరివిగా వాడుకున్నది. అయితే ఫ్లోరిన్‌తో కూడిన ఈ జాతి రసాయనాలు నేలలో, నీటిలో ఎంతకాలానికీ విచ్ఛిన్నం కావన్న ఆందోళన ప్రపంచమంతటా పెరిగింది. వీటి ప్రధాన తయారీదారులలో ఒకటైన అమెరికా సంస్థ 3ఎం, 2025 చివరికి వీటి తయారీ నుంచి పూర్తిగా వైదొలగాలని 2022 డిసెంబరులో నిర్ణయం ప్రకటించింది. ఫ్లోరిన్ లేని ప్రత్యామ్నాయాల కోసం పరిశోధకులు, పరిశ్రమలు కృషి చేస్తున్నాయి.

ప్రత్యామ్నాయం వెదకడమంటే సరిగ్గా మన మొదటి ప్రశ్నకు తిరిగి రావడమే. కొత్త పూతపై పాలీఇథిలీన్ ఎంత జారుతుంది? 180 డిగ్రీల వద్ద బాగా పనిచేసిన పూత 220 డిగ్రీల వద్ద కూడా అలాగే పనిచేస్తుందా? గోడ ఘర్షణ, లోపలి ఘర్షణ వేడికి వేర్వేరు తీరుల్లో మారతాయని తెలిసినవారు ఒక ఉష్ణోగ్రత వద్ద తీసిన కొలతను మరొక దానికి గుడ్డిగా అన్వయించరు. రెండు చోట్లా కొలిచి చూస్తారు.

నియమం, దాని హద్దు

జారుడు లేదన్న పాత నియమం తప్పు కాదు. నీటికి, గాలికి అది నేటికీ సరిపోతున్నది. నియమం ఎంతవరకు చెల్లుతుందో చూడక, పొడవైన గొలుసుల ద్రవాలకు కూడా దానినే అంటగట్టడం తప్పు. అలాగే 'వేడి చేస్తే జారుతుంది' అన్న మాట కూడా సగం నిజమే. ఏ ద్రవం, ఏ గోడ, ఎంత బలం అని అడిగిన తరువాతే దానికి పూర్తి అర్థం వస్తుంది.

ఈసారి గంజి వార్చినప్పుడు వేడి గంజిని ఒక స్టీలు గిన్నెలో, ఒక మట్టి పాత్రలో సమానంగా పోసి, కాసేపటి తరువాత రెంటినీ ఒకే విధంగా వంచి చూడవచ్చు. గంజి ఒకటే, ఆరిన సమయం ఒకటే. ఏ గోడపై ఎంత పొర మిగిలిందో గమనిస్తే, ద్రవాన్ని గురించి అడిగే ప్రతి ప్రశ్నలోనూ గోడను గురించిన ప్రశ్న ఎందుకు చేర్చాలో తెలుస్తుంది.